తుఫాను రాత్రీ, తర్వాతి పదిహేను రాత్రులూ

మన సాహిత్యంలో తుఫాను రాత్రికి స్థానం ఉంది. తుఫాను వెళ్లిపోయాక వచ్చే రాత్రులకు లేదు. ఈ మాట పుస్తకాలు ముందేసుకుని కనిపెట్టలేదు నేను. ముందు ఆ రాత్రుల్లో ఉన్నాను, తర్వాత పుస్తకాలు తిరగేశాను.

2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి నేను విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. మాది ఉద్దానం. సోంపేటకూ సముద్రానికీ మధ్య ఒక పల్లె. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని మా పెద్దలు చెప్పేవారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో తీరం పొడవునా కొబ్బరి, జీడి, పనస. కొబ్బరిచెట్టు పెద్దకొడుకుతో సమానమని మా ప్రాంతంలో ఒక మాట ఉంది. చెట్టు చేతికి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఆ తర్వాత అరవై ఏళ్లు సాకుతుంది. కొడుకు గురించి అంత భరోసాగా ఎవరూ చెప్పలేరు గదా!

దసరా సెలవులు. ఫోన్లు పలకడం లేదు. 13వ తేదీ శనివారం బయలుదేరాను. బస్సు రహదారి మీద దించేసింది. అక్కడినుంచి సగం దూరం ఎవరి బండి మీదో, సగం దూరం కాలినడకన. దారి పొడవునా జనం గొడ్డళ్లు, రంపాలు పట్టుకుని పడిన మానుల్ని కోసి పక్కకు నెడుతున్నారు. ప్రభుత్వం వచ్చేదాకా ఎవరూ ఆగలేదు. ఊరి మొదట్లో నిలబడి మా ఊరేనా అని అనుమానపడ్డాను. ఎప్పుడూ ఆకుపచ్చ కప్పు కింద ఉండే ఊరు నెత్తిన గుడ్డ తీసేసినట్టుంది. మా మేడ ఎక్కితే తూర్పున సముద్రపు గీత కనిపించింది. నలభై ఏళ్లలో మా మేడ మీంచి సముద్రాన్ని చూడడం అదే మొదలు.

మా చిన్నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు పొంగిపోయి ఉన్నాయి. "ఏట్రా నాయినా, ఇప్పుడా రావడం? కొబ్బరి పోనాది, జీడి పోనాది. అవి పోతే పోనాయి. గురువారం నేను సూదులకి ఎల్లాల, ఎల్లనేదు" అన్నాడు. సూదులంటే డయాలసిస్. సోమవారం, గురువారం ఆయన వంతు. గురువారం తుఫాను వంతు అయింది.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి పాఠకులకు కొత్త కాదు. 1990లలో వైద్యుల దృష్టికి వచ్చింది. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. కారణం ఇదీ అని మాత్రం ఖాయంగా తేలలేదు. తేలకపోయినా మనుషులు వరసగా పోయారు. ఆ జబ్బున్నవాడికి కరెంటు అంటే దీపం కాదు, ఫ్యాను కాదు, టీవీ కాదు. డయాలసిస్ యంత్రం నడవాలంటే కరెంటు కావాలి. ఒక మనిషికి నాలుగు గంటలు నడవాలంటే దాదాపు 120 లీటర్ల శుద్ధిచేసిన నీరు కావాలి. ఆ నీటిని తోడడానికీ కరెంటే, శుద్ధిచెయ్యడానికీ కరెంటే. ఈ లెక్క నాకు ఎమ్మే చదువులో ఎవరూ చెప్పలేదు. 14వ తేదీ ఆదివారం ఒక సెంటరు వరండాలో నిలబడినప్పుడు తెలిసింది. మా తమ్ముడు బండి నడిపితే, మధ్యలో చిన్నాన్న, వెనక ఆయన్ని పట్టుకుని నేను. జనరేటరు నడుస్తోంది. కానీ డీజిలు కావాలంటే బంకులో పంపు తిరగాలి, పంపు తిరగడానికి మళ్లీ కరెంటే కావాలి. గురువారం నుంచి ఆగిపోయినవాళ్లంతా అక్కడే ఉన్నారు. నాలుగు గంటలు ఇవ్వాల్సినచోట రెండేసి గంటలు ఇచ్చి అందరినీ గట్టెక్కించే ప్రయత్నం చేశారు. అక్కడ పనిచేసే కుర్రాళ్లు నిద్రపోయి ఎన్ని పూటలైందో వాళ్ల కళ్లు చెప్పాయి. చిన్నాన్నకి వాపు సగం దిగింది. "సగం మనిషిని ఇంటికి తీసుకెల్తన్నావు" అన్నాడు దారిలో, నవ్వుతూనే.

ఇక్కడ నేను ఒక ఆత్మవిమర్శ చేసుకోక తప్పదు. 2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా విజయనగరం వైపు కూడా రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకటి మీద నేనొక కవిత రాశాను. విద్యుద్దీపాలు ఆరిపోయాక నక్షత్రాలు వెలిగాయనీ, టీవీలు మూగబోయాక మనుషులు మాట్లాడుకున్నారనీ దాని సారాంశం. ఒక చిన్న పత్రికలో అచ్చయింది, సభలో చదివితే చప్పట్లు కొట్టారు. అప్పట్లో అలాంటి రాతలు ఇంకొన్ని కూడా చూశాను. నెలజీతం ఆగనివాడికి, ఇంట్లో రోగి లేనివాడికి, మూడోరోజుకల్లా కరెంటు వస్తుందని లోపల ఎక్కడో నమ్మకం ఉన్నవాడికి చీకటి అందంగానే ఉంటుంది. కవితలో అబద్ధమేమీ లేదు. నక్షత్రాలు నిజంగానే కనిపించాయి. వాటిని ఏ అరుగు మీంచి చూశానన్నది మాత్రం కవితలో లేదు. దృక్పథం అన్న మాటను మనం సభల్లో ఎంత తేలిగ్గా వాడతామో, రాసుకునేటప్పుడు అంత తేలిగ్గా మరిచిపోతాం.

ఇంతకీ చరిత్ర తుఫానును దేనితో కొలిచింది? చావులతో. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద పడిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారని గ్రంథాలు రాశాయి. అంతకుముందు కోరంగి రేవు 1789లో, మళ్లీ 1839లో ఉప్పెనకు గురైంది. సైక్లోన్ అన్న ఇంగ్లీషు మాటను 1848లో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉద్యోగి. ఆయన పరిశోధన ప్రధానంగా ఓడ నడిపేవాడి కోసం. గాలి ఎటునుంచి తిరుగుతోంది, ఓడను ఎటు తిప్పాలి అన్నది ఆనాటి ప్రశ్న. సరుకు మునగకూడదన్నదే అవసరం. ఒడ్డునున్న గుడిసె అందులో ఎక్కడుంటుంది? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప, మండపాకల పేర్లు అప్పుడు దేశమంతా విన్నది. అధికార లెక్కల ప్రకారమే పదివేల మంది. ఆ తర్వాతే తీరం వెంట తుఫాను ఆశ్రయాల నిర్మాణం ఊపందుకుంది, హెచ్చరికల పద్ధతి మెరుగుపడింది. 1999 అక్టోబరు 29 నాటి ఒరిస్సా మహాతుఫాను మరో పదివేల ప్రాణాలు తీశాక ఇంకా మెరుగుపడింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటేటప్పటికి లక్షలాది మందిని ముందే తరలించగలిగారు. ఇది నిస్సందేహంగా సాధించిన విజయమే. దీన్ని తక్కువచేసి మాట్లాడడం అభ్యుదయం కాదు, మొండితనం.

అయితే చావులు తగ్గాక, చావుల కొలబద్ద పట్టుకున్న చరిత్రకు తుఫాను కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. ఆంధ్ర వైపు తిత్లీ చావులు తక్కువ, కాబట్టి పత్రికల మొదటి పేజీలో అది ఎక్కువ రోజులు ఉండలేదు. పడిపోయిన కొబ్బరిచెట్టు చావు లెక్కలోకి రాదు. ఆ చెట్టెక్కి కాయలు దించి బతికేవాడికి చెట్టు పోతే బతుకు పోయినట్టే, కానీ నష్టపరిహారం పట్టా ఉన్నవాడి పేరు మీద వస్తుంది. పలాస-కాశీబుగ్గ జీడి బట్టీల్లో పిక్కలు ఒలిచే ఆడవాళ్లకు పిక్క రాకపోతే కూలి రాదు. ముంబయికో గుజరాత్ రేవులకో వలసపోయిన మా కుర్రాళ్లు వార్త విని రెండు రైళ్లు మారి ఇంటికొచ్చారు. వారం ఉండి ఇంటిమీద రేకులు సర్ది, అప్పు రాసి, మళ్లీ వెళ్లారు. ఈసారి వాళ్లతో పాటు అంతవరకూ ఊళ్లో ఉన్నవాళ్లు కూడా వెళ్లారు. వీళ్లందరినీ ఏ గణాంకంలో వెతకాలి?

పదిహేను రోజుల చీకటిలో మా ఇంట్లో ఏం జరిగిందో కొంచెం చెబుతాను. రుబ్బురోలు కోళ్లగంప కింది నుంచి పైకొచ్చింది. గ్యాసు ఉంది కాబట్టి వంట ఆగలేదు గానీ పిండి ఆగింది. మిక్సీ వచ్చాక పెళ్లయి వచ్చిన మా మరదలికి రోలు తిప్పడం రాదు, అమ్మకు చేతులు ఆడవు. లాంతరు అటక మీద దొరికింది. చిమ్నీ కూడా పగలలేదు. దానిలో పొయ్యడానికి కిరోసిను లేదు. మా డిపోలో రేషను కిరోసిను అప్పటికే ఆపేశారు. పాత వెలుగు తీసేసుకున్నారు, కొత్త వెలుగు కూలిపోయింది. ఈ రెంటి మధ్య కొవ్వొత్తి ధర మూడింతలైంది. సంతలో జనరేటరు పెట్టి సెల్‌ఫోనుకు ఇరవై రూపాయలు తీసుకుని చార్జింగు పెట్టారు. వాణ్ణి తిట్టినవాళ్లూ వరసలో నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను.

అన్నిటికంటే పెద్ద కష్టం నీళ్లది. కిడ్నీ భయంతో మా ఊళ్లో చాలా ఇళ్లవాళ్లు బావినీళ్లు తాగడం మానేసి చాలాకాలమైంది. ట్యాంకు కుళాయి నీళ్లో, కొనుక్కునే డబ్బా నీళ్లో. మోటారు తిరగకపోతే ట్యాంకు లేదు, శుద్ధి యంత్రం లేకపోతే డబ్బా లేదు. పూడ్చకుండా మిగిలిన ఒక్క నేలబావి దగ్గర మళ్లీ ఆడవాళ్లు చేరారు. మా పిన్ని చేద వేసి నీళ్లు తోడి, బిందె నడుము మీద పెట్టుకుని, బావిలోకి ఒకసారి తొంగిచూసి, "నిన్నే గదే వద్దనుకున్నాం" అంది. బావితోనే అంది. ఆ నీళ్లే కాచి చిన్నాన్నకి గ్లాసుతో కొలిచి ఇచ్చింది. ఆయన నీళ్లెప్పుడూ కొలతే. కథకులెవరైనా ఉంటే ఆ ఒక్క మాట చుట్టూ కథ అల్లుకోవచ్చు. నాకు ఆ శక్తి లేదు, విమర్శకుణ్ణి.

వచ్చేటప్పుడు బస్సులో ఒక పెద్దమనిషి అన్న మాట చెప్పి తీరాలి. "పవర్ ప్లాంట్లు వద్దని గొడవలు చేశారు గదా, ఇప్పుడు అనుభవిస్తున్నారు" అన్నాడాయన, పక్కసీటు ఆయనతో. నేనప్పుడు నోరు మెదపలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. సోంపేట బీల భూముల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెట్టబోతే చేపల వేటగాళ్లూ రైతులూ ఎదురు తిరిగారు. బీల అంటే ఏడాదిలో ఎక్కువకాలం నీళ్లుండే పల్లపు నేల. సాగునీరూ చేపా గడ్డీ అన్నీ అక్కడే. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో అక్కడ మనుషులు నేలకొరిగారు. ఆ తర్వాత దాని పర్యావరణ అనుమతి నిలవలేదు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. చిన్నాన్న బీల ఉద్యమంలో తిరిగినవాడే. బస్సులో మాట చెబితే ఆయన కోప్పడలేదు. "ఆ ప్లాంటు ఉండుంటే మన స్తంభాలు పడకుండా నిలబడునా?" అని అడిగాడు.

అసలు విషయం అదే. తిత్లీ తర్వాతి చీకటి ఉత్పత్తి కొరతతో వచ్చిన చీకటి కాదు. కూలినవి వీధి చివరి సిమెంటు స్తంభాలు, తెగినవి ఊళ్లోకి వచ్చే తీగలు. ఎన్ని వేల మెగావాట్లు పక్కనే పుట్టినా ఆ స్తంభం లేచి నిలబడదు. పక్కనే పుట్టిన కరెంటు పక్కవాడికి చెందుతుందన్న భ్రమకు మన ఉత్తరాంధ్రలోనే పాత సమాధానం ఉంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒరిస్సాల ఉమ్మడి పథకం, డుడుమ జలపాతం దగ్గర. మా జిల్లాల పట్టణాలకు వెలుగు ఆ కొండల్లోంచి దిగింది. జలాశయం కింద భూములు పోయి కదిలిపోయిన గిరిజనుల తలల మీదుగా ఆ తీగలు ఎన్ని ఏళ్లు ఊరికే సాగిపోయాయో కొండల్లో తిరిగినవాళ్లకు తెలుసు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద ఊరేగింపుగా వెళ్లినవాళ్ల మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. కరెంటు ఎక్కడ పుట్టాలన్న దగ్గరా, ఎంతకు అమ్మాలన్న దగ్గరా తుపాకి పేలిన రాష్ట్రం మనది. అలాంటి వస్తువు మన కథల్లో స్విచ్చి వేస్తే వెలిగే ఒక బల్బుగా మాత్రమే మిగిలిపోవడం ఆశ్చర్యం కాదా?

మా ఊరికి కరెంటు తిరిగొచ్చిన క్రమం చూశాక నాకొక సంగతి తట్టింది. ముందు రహదారి, పట్టణాలు. తర్వాత పెద్ద ఊళ్లు. మా ఊళ్లో పదోరోజున పెద్దవీధికి, పదిహేనో రోజున మా వీధికి, పద్దెనిమిదో రోజున కాలనీకి వచ్చింది. ఎవరో కుట్రచేసి కాలనీని చివరికి నెట్టారని నేను ఆరోపించడం లేదు. తీగ పట్టుకున్నవాళ్లు స్తంభం వెంట స్తంభం వెళ్లారు, అంతే. ఆ స్తంభాల వరసే ఎప్పుడో అలా పడింది. మా నాన్న చెప్పగా విన్నది: 1970లలో మా ఊరికి లైను వచ్చినప్పుడు మొదటి స్తంభం పెద్దవీధిలో ఒక మోతుబరి పంపుసెట్టు కోసం పాతారు. కొన్నేళ్లకు అది మా వీధికి సాగింది. కాలనీకి ఎన్నికల ముందు ఒకసారి స్తంభాలు వచ్చి, ఎన్నికల తర్వాత ఎప్పుడో తీగలు వచ్చాయి. తుఫాను ఆ చరిత్రనంతా నేలమట్టం చేసింది. పునరుద్ధరణ దాన్ని అదే వరసలో మళ్లీ నిలబెట్టింది. యాభై ఏళ్ల చరిత్ర పద్దెనిమిది రోజుల్లో నా కళ్లముందు మరోసారి నడిచింది.

ఆ స్తంభాలు పాతినవాళ్లు మా బడిలో పడుకున్నారు. వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. ఒక బృందం రాయలసీమది. వాళ్ల మాట మా పిల్లలకు వింత, మా మాట వాళ్లకు వింత. చాలామంది కాంట్రాక్టు పనివాళ్లు. పండగ ఇంటి దగ్గర వదిలేసి వచ్చారు. 18, 19 తేదీల్లో దసరా గడిచిపోయింది. ఊళ్లో వండుకున్నదాన్నే వాళ్లకూ పెట్టారు. ఒకతను అన్నం తింటూ, "సార్, మా ఊర్లో గాలికి పడేదానికి ఇన్ని చెట్లే లేవు" అన్నాడు. కరువు నుంచి వచ్చినవాడు తుఫాను బాగుచెయ్యడానికి వచ్చాడు. వాళ్ల గురించి మనవాళ్లెవరైనా రాశారేమో అని తర్వాత వెతికాను. నా కంటపడలేదు.

ఇప్పుడు మళ్లీ సాహిత్యానికి వస్తాను. పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' మనందరికీ తెలిసిన కథ. 1952లో ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొంది తెలుగు కథకు అంతర్జాతీయ గౌరవం తెచ్చింది. ఆ కథను తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఏటా పిల్లలకు దాని గురించి చెబుతాను. అయితే అందులో తుఫాను ఒక్క రాత్రి ఉంటుంది. ఆ రాత్రిలో ఒక విద్యావంతుడు తన సిద్ధాంతాలు కూలి మనిషవుతాడు, ఒక ముష్టిమనిషి చనిపోతుంది. అక్కడితో కథ తన పని పూర్తిచేసుకుంటుంది. శిల్పరీత్యా అది న్యాయమే. కానీ ఆ నమూనా మన మనసుల్లో ఎంత బలంగా నాటుకుందంటే, తుఫాను అనగానే ఒక రాత్రి, ఒక సంక్షోభం, ఒక అంతరంగ పరివర్తన అని రాసేస్తాం. దివిసీమ మీద విస్తారంగా వచ్చిన కవిత్వంలోనూ శవాలున్నాయి, కన్నీళ్లున్నాయి, కసి ఉంది. ఉప్పుతేలిన పొలంలో తర్వాతి పంట వేసినవాడి గురించి తక్కువ. శవాల ముందు నిలబడి పంట గురించి రాయమనడం క్రూరమే అనుకోండి.

నేను అడిగేది మొదటి రాత్రి గురించి రాయవద్దని కాదు. పన్నెండో రాత్రిని కూడా వస్తువుగా గుర్తించమని. అందులో సంఘటన ఉండదు, నిజమే. నిరీక్షణ ఉంటుంది, అప్పు ఉంటుంది, కొలిచిన నీళ్లుంటాయి. సంఘటన లేనిచోట వర్గాన్ని చూపించడం కష్టమని ఒక మిత్రుడు నాతో వాదించాడు. 1966లో అచ్చయిన కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం'లో ఒక అప్పు పంచాయితీ ఎంత నిదానంగా నడుస్తుందో, ఆ నిదానంలోనే ఒక ఊరి చరిత్రంతా ఎలా బయటపడుతుందో గుర్తుచేశాను. మాస్టారు మా జిల్లావారే. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉండి ప్రజల కోసం జముకుల కథ కట్టి, 1969 డిసెంబరులో నేలకొరిగిన సుబ్బారావు పాణిగ్రాహిదీ ఈ ఉద్దానమే. కరెంటు రాని ఊళ్లలో రాత్రిపూట ఆ కథ ఎలా నడిచేదో మా నాన్నను అడిగాను. పెట్రోమాక్సు దీపం కూడా ఉండేది కాదట. చీకట్లో గొంతే వినపడేదట. తిత్లీ రాత్రుల్లో అరుగుల మీద మేమూ అలానే కూర్చున్నాం. కానీ జముకు వాయించడం వచ్చినవాడు మా ఊళ్లో ఒక్కడూ మిగల్లేదు.

తుఫాను వచ్చింది అమావాస్య దాటిన రెండో రోజున. అందుకని మొదటి రాత్రులు చిక్కటి చీకటి. రోజులు గడుస్తూంటే చంద్రుడు పెరిగాడు. 24న పున్నమి. మా వీధికి కరెంటు కంటే ఒకరోజు ముందు పున్నమి వచ్చింది. చెట్ల కప్పు లేదు కాబట్టి వీధంతా వెన్నెల. ఎవరూ మెచ్చుకోలేదు.

25వ తేదీ, గురువారం. చిన్నాన్న డయాలసిస్ నుంచి వచ్చి పడుకున్నాడు. ఆవేళ పూర్తిగా నాలుగు గంటలు ఇచ్చారు. సాయంత్రం వీధిలో కేక వినిపించింది. మా మరదలు బల్బు వంక చూడనైనా చూడకుండా పరుగెత్తి మోటారు స్విచ్చి వేసింది. వీధిలో అన్ని ఇళ్లలోనూ అదే శబ్దం. అందరూ ఒక్కసారి మోటార్లు వేసేసరికి ట్రాన్స్‌ఫార్మరు ఠప్పుమంది. మళ్లీ చీకటి. గంటన్నరకు బాగుచేశారు. ఈసారి వంతులు వేసుకున్నారు.

చిన్నాన్న 2020లో పోయాడు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు ఇచ్చే పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది. ఆయన చూడలేదు. మా పిన్ని ఇప్పుడు ఆ నీళ్లే తాగుతోంది. అయినా చేదా తాడూ చుట్టచుట్టి వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించే ఉంచింది. నేలబావికి ఊళ్లో వాళ్లంతా కలిసి కొత్త గట్టు కట్టుకున్నారు.